సొన మరక, రెండో జేబు

నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే వేప్పనపల్లి పక్కన మా అవ్వగారి ఊరు, మామిడికాయలు, కడుపునొప్పి. ఎప్పుడూ ఈ వరుసలోనే. నాకు పదేళ్లు వచ్చిన ఆ ఏడు మాత్రం వీటికి ఇంకొకటి జతయింది. అది మా చిన్నమామ తెల్ల చొక్కా.

చిన్నమామ ఐటీఐ చదివి రెండేళ్లుగా పని కోసం తిరుగుతున్నాడు. చివరికి హోసూరులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. అప్పటికి ఆయనకున్న రెండు చొక్కాలూ భుజాల దగ్గర వెలిసిపోయినవే. అవ్వ కృష్ణగిరికి పోయి తెల్ల చొక్కా తెచ్చి, కాలరు లోపల పసుపు పెట్టి, ఇస్త్రీ చేయించి గోడకు తగిలించింది. సోమవారం పొద్దున దాకా దాన్ని ఎవరూ ముట్టకూడదని ఆజ్ఞ. ఎవరూ అంటే నేనే. ఆ ఇంట్లో ఆజ్ఞలు అవసరమైన మనిషి ఇంకొకరు లేరు.

ఆదివారం మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీస్తుండగా నేను దాన్ని తొడుక్కుని తోటలోకి పోయాను. అక్కడ పిల్లలం కంపెనీ ఆట ఆడుతున్నాం, మేనేజరుకి తెల్ల చొక్కా ఉండాలి కదా. మోకాళ్ల దాకా వేలాడే చొక్కాలో ముగ్గురికి ఉద్యోగాలిచ్చాను, ఇద్దరిని తీసేశాను, ఒక పచ్చికాయ తొడిమ విరిచాను. సొన చిమ్మి నా ఎదకు కుడివైపు పడింది.

పడినప్పుడు సొన నీళ్లలాగే ఉంటుంది. అందుకే నేను లెక్కచేయలేదు. ఇంటికొచ్చి చూస్తే చింతగింజంత గోధుమరంగు మచ్చ. గిన్నెలకు మెరుపు తెచ్చే బూడిద చొక్కాకెందుకు తేదని, తడిపి బూడిదతో బాగా రుద్దాను. నా పరిశోధన ఫలించి మచ్చ నిప్పట్టు అప్పచ్చంత అయింది, రంగు కూడా ముదిరింది. కాయలు కోసే రోజున ఆ ఊరివాళ్లంతా వెతికి వెతికి పాత బట్టలే ఎందుకు కట్టుకుంటారో నాకు అప్పుడు అర్థమైంది. కొంచెం ఆలస్యంగా.

రెండేళ్లకు వచ్చిన ఒక్క పిలుపు నా మూలంగా పోయేటట్టుంది. చొక్కాను ఏనుగు ఎత్తుకుపోయిందని చెబుదామనుకున్నాను. కానీ ఏనుగులుండేది డెంకణికోట వైపు. అంత దూరం నుంచి వచ్చి చొక్కా తీసుకుపోయే అవసరం వాటికేముంటుంది? ఇక మిగిలింది పెరట్లో నీళ్లు కాచే పొయ్యి. కాల్చేసి, దొంగలు పడ్డారని చెప్పడం. అలా పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోస్తుండగా గోడ మీదుగా పక్కింటి అక్క తల కనబడింది.

"ఏమప్పా, చొక్కాతో ఏం వండుతాండావు?"

పక్కింటి అక్క హోసూరు దగ్గర గార్మెంట్స్ కంపెనీలో కుట్టుపని చేసేది. రోజూ వాకిలి ఊడ్చే వేళకే వ్యాను ఎక్కి పోయే మనిషి, ఆదివారం మాత్రమే మాకు దొరికేది. ఆమెను చూడగానే నేను ఏడుపు అందుకున్నాను.

"ఏడ్చే పని తర్వాత పెట్టుకో. ఈడికి రా, చూడనీ." చొక్కాను అటూ ఇటూ తిప్పి చూసింది. "సొన మరక పోదురా. అది పోలేదని చొక్కా పోవల్లనా?"

కుట్టుమిషను ముందు కూర్చుని, చొక్కాను లోపలివైపు తిప్పుతూ ఆమె చెప్పిన మాటలు మందలింపులా లేవు. "మా కంపెనీలో బాయిలరుంది. ఇస్త్రీ ఆవిరికే దినమ్మూ లారీడు కట్టెలు కాల్తాయి. ఇంక దారం తీసేదానికి, నేసేదానికి, తెలుపు చేసేదానికి యాడెంత కాల్తుందో నాకే తెలీదు. అంత పొగ మింగి వచ్చిన చొక్కాను నువ్వు మళ్లా పొగ చేస్తావా?"

ఆమె కత్తెర తీసుకుని ప్యాంటులోకి దోపుకునే అంచు నుంచి, వెనకవైపు, చేతి వెడల్పు గుడ్డ కత్తిరించింది. ఆ కత్తెర చప్పుడుకు నా ప్రాణం పోయినంత పనైంది. మచ్చతో పాడైన చొక్కా ఇప్పుడు నడుము దగ్గర కూడా పాడవుతోందనుకున్నాను. కత్తిరించిన గుడ్డను మచ్చ మీద పెట్టి, ఎడమవైపు జేబుతో కొలత చూసి, అచ్చం అలాంటి జేబే కుట్టింది. కోసిన చోట తన పాత తెల్ల లంగా ముక్క అతికింది. తరవాత నీళ్లలో జాడించి కంచె మీద వేస్తే మే నెల ఎండకు ఎంతసేపు? బొగ్గుల ఇస్త్రీపెట్టె కాగేలోపే ఆరిపోయింది.

"కుట్టేది నేను కుట్టినా. మీ మామకు చెప్పేది నువ్వే," అంది. తప్పించుకునే దారి ఆమె ఎక్కడా కుట్టలేదు.

మామ చొక్కా పట్టుకుని రెండు జేబుల్లోనూ వేళ్లు పెట్టి చూశాడు. "రెండో జేబు యాడనుంచి వచ్చిందిరా?" నేను తోట దగ్గర మొదలుపెట్టి పొయ్యి దాకా అంతా చెప్పాను. ఆయన తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. "రెండు జేబులు చూసి డ్రైవరనుకుంటారేమో," అన్నాడు. కాలరు సర్దుకుని, "ఆఫీసరనుకున్నా అనుకుంటారులే," అని తనే తేల్చుకున్నాడు.

సోమవారం సాయంత్రం బస్సు దిగి ఆయన నవ్వుకుంటూ వచ్చాడు. ఉద్యోగం వచ్చింది. చొక్కా సంగతి అక్కడ ఎవరూ అడగలేదట. ఒక ఇనప ముక్క చేతికిచ్చి కొలతలు చెప్పమన్నారట, చెప్పాడట. నేను రాత్రంతా దేవుళ్లకు మొక్కిన మొక్కులన్నీ ఒక ఇనప ముక్క తీర్చేసింది. ఆ చొక్కాను మామ నాలుగేళ్లు తొడుక్కున్నాడు. కాలరు అరిగితే అక్క దాన్ని విప్పి తిరగేసి కుట్టింది. ఆ తర్వాత అది నా కొలతకు తగ్గి నాతోపాటు బడికొచ్చింది.

మొన్న మా అమ్మాయి బడిలో బట్టల కార్బన్ పాదముద్ర మీద పాఠం చెప్పారట. తగ్గించడమెలాగో రాయడానికి పెద్ద అట్ట తెచ్చుకుంది. నాకు తెలిసింది చెప్పాను: కొనే ముందు ఒకసారి ఆలోచించు, కొన్నదాన్ని చివరిదాకా తొడుక్కో, ఎండ ఉండగా యంత్రంలో ఆరబెట్టకు. అట్ట సగం కూడా నిండలేదని ఆమె బాధ.

అట్టకెక్కనిది ఒకటి నాలో ఉండిపోయింది. ఈనాటికీ ఏ బట్ట చినిగినా, మరక పడినా నాకు గుండె జారదు. తిరగేసి, లోపల కుట్టు కింద ఎంత గుడ్డ మిగిలిందో చూస్తాను. చాలాసార్లు కావలసినంత ఉంటుంది.