పగులు మీద రంగు వేయని కాక

నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు లోపలికి వెళ్తున్నారు. మంచిర్యాల నుంచి ఖానాపూర్ వచ్చిన బస్సు కండక్టరు గేటు దగ్గర ఆగి నన్ను పిలిచాడు. "మేడమ్, మీ కాక తెల్లారంగ పోయిండట. మీ చిన్నమ్మ చెప్పుమన్నది" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నెల గడిచినా తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

కాక అంటే మా బాపు తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో పుస్తకాలు బైండింగు చేసేచోట పనిచేశాడు. అట్టల లోపల అతికించే చారల కాగితాన్ని అక్కడ నీళ్ళ మీద రంగు తేల్చి తయారుచేసేవారు. ఆ పనినే ఇనుముకు మళ్ళించి మంచిర్యాలలో దుకాణం పెట్టాడు. సిమెంటు తొట్టిలో నీళ్ళు నింపి, పలచన చేసిన రంగును చుక్కలు చుక్కలుగా వదిలేవాడు. అది పైన పొరలా పరుచుకునేది. సైకిల్ చైన్ కవరో, స్కూటర్ మడ్‌గార్డో అందులో మెల్లగా ముంచి తీస్తే దాని ఒళ్ళంతా సుడులు.

జనం ఆ ఒక్క నిమిషాన్నే చూశారు. అంతకుముందు రెండు రోజులు పాత రంగు గీకడం, తుప్పు రుద్దడం, జిడ్డు పోయేదాకా కడగడం, అడుగు రంగు వేసి ఆరబెట్టడం ఎవరికీ పట్టలేదు. "కడుగుడే పని బిడ్డా, ముంచుడెంతసేపు" అనేవాడు. పెండ్లి ఊరేగింపుంది, ఇప్పుడే ఇమ్మని మీదపడేవాళ్ళకు ఒకటే జవాబు: "ఆరనియ్యి. ఆగకుంటే పాత రంగే మంచిగున్నది." తడిగా ఉండగానే లాక్కుపోయి, వేలిముద్రలు పడ్డాయని తిరిగొచ్చి తిట్టినవాళ్ళు ఉన్నారు. రెండు మడ్‌గార్డులు అచ్చం ఒకేలా లేవని కొట్లాడినవాళ్ళూ ఉన్నారు. నీళ్ళ మీద రంగు ప్రతిసారీ వేరేగా పరుచుకుంటుందని ఆయన ముందే చెప్పేవాడు. వినేదెవరు?

ఎనభైల నడుమ ఒక రాతి క్వారీ కాంట్రాక్టరు వచ్చాడు. అప్పుడు నేను కాకకు చాయ్ ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. అతను రెండు సంచుల్లోంచి కూలీల హెల్మెట్లు కుమ్మరించాడు. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్, కొన్నింటికి నడినెత్తిన పగుళ్ళు.

"సార్లు చూడనీకి వస్తున్నరు. కొత్తయి లెక్క కావాలె."

కాక ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. "ఇవి ముంచ సేటు. రంగుల కలిపే మందుకు ప్లాస్టిక్ ఇంకింత ఖరాబైతది. రంగేస్తే పగులు కనబడది గంతే, అతకది. పారెయ్యాలె."

"పగిలితే నీ నెత్తా? నీకెందుకు ఫికర్? రంగేసుడే నీ పని."

"నా పనే చెప్తున్న. తీస్కపోండ్రి."

తీసుకుపోయి ఇంకెక్కడో బ్రష్షుతో రంగు కొట్టించాడు. వచ్చిన అధికారులు చూసి సంతోషపడి వెళ్ళారు. నెల తిరక్కుండానే ఒక కూలీ మీద రాయి జారిపడింది. హెల్మెట్ పాత పగులు వెంటే రెండు చెక్కలైంది. ప్రాణం మిగిలింది గానీ మాట పోయింది, కుడిచేయి చచ్చుబడింది.

కాంట్రాక్టరు ఏమన్నాడో తెలుసా? "రంగులాయన ఏదో మందు కలిపి హెల్మెట్లు ఖరాబు చేసిండు" అన్నాడు. కాక చెప్పిన మాటనే కాక మీదికి తిప్పాడు. బజారంతా నమ్మింది. ఆయన చేత సైకిళ్ళకు చారలు వేయించుకున్నవాళ్ళే దుకాణం ముందు ఉమ్మి పోయారు. కాక ఆ అధికారుల ఆఫీసుకు మూడుసార్లు వెళ్ళి కాగితం రాసిచ్చాడు. ఎవరూ పిలవలేదు. విన్నదాన్ని నేనున్నాను కదా, వచ్చి చెప్తానన్నాను. "ఆడివిల్లవు, నీకెందుకు గా లొల్లి" అన్నాడు బాపు. ఊరుకున్నాను. నా కోపంలో సగం నా మీదే.

కాక ఆ కూలీ ఇంటికి వెళ్ళాడు. భార్య తలుపు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నేనెయ్యలే చెల్లె. కానీ తీస్కపొమ్మని ఊకున్న. ఆడనే పలగ్గొట్టాల్సుండె" అన్నాడు. కొన్నాళ్ళకు ఆ మనిషిని పనిలో పెట్టుకున్నాడు. ఎడమచేత్తో గీకడం, కడగడం నేర్పాడు. అప్పటినుంచి పగిలిన హెల్మెట్ ఎవరు తెచ్చినా వాళ్ళ కళ్ళ ముందే సుత్తితో కొట్టేవాడు.

దేనికైనా రంగు వేయించుకోబోతే, పనివాడు వద్దంటే వినండి. రంగు అందమిస్తుంది, బలమివ్వదు.

చివరిచూపు నాడు ఆ కాంట్రాక్టరు పెద్ద బంతిపూల దండతో వచ్చాడు. చిన్నమ్మ లేచి నిలబడింది. "గా దండ ఆయన మీద పడొద్దు. నడు" అంది. అతను నవ్వబోయాడు.

"నేనారోజు దుకాణంలనే ఉన్న" అన్నాను గట్టిగా. "పారెయ్యుమన్నడు మా కాక. నెత్తి నీదా అన్నవు నువ్వు. అంతా విన్న."

అతను దండ పట్టుకునే వెనక్కి తిరిగాడు. ఎన్నో ఏళ్ళు ఆలస్యంగా చెప్పిన నిజం. కాక వినలేదు.

గోదావరి దాకా పాడె మోసినవాళ్ళలో ఆ కూలీ ఉన్నాడు. భుజం మార్చుకోమంటే తల అడ్డంగా ఊపాడు. ఎడమచేత్తో వెదురు పట్టుకుని నడిచాడు. వేలాడుతున్న ఆయన కుడిచేతిని పక్కనే నడుస్తూ భార్య పట్టుకుంది.