మల్లమ్మ పాలు, నా కంప్యూటరు కార్డులు

నా తెలివి ఒక ఇంటి పొయ్యి ఆర్పబోయిన సంగతి చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. ఆ ఉదయం నేను మాత్రం నవ్వలేదు.

ఎనభైల మొదట్లో ఒక ప్రభుత్వ కంపెనీలో చిల్లుల్ని అక్షరాలుగా చదివే కంప్యూటరు కోసం అట్టకార్డులకు చిల్లులు కొట్టే ఉద్యోగం నాది. కొట్టేది చిల్లులే అయినా, మా బస్తీ గౌలిపురలో కంప్యూటరును నేనే కనిపెట్టినట్టు తిరిగేవాణ్ణి. మా మేనమామ యాదగిరి పాలవాళ్ల సంఘానికి అధ్యక్షుడు. ఎవరు దేనికి ఓటేశారో కార్డుల్లో ఎక్కిస్తే, ఎప్పుడడిగినా మిషనే చెబుతుందని ఆయన్ని ఊదరగొట్టి ఒప్పించాను.

మొదటి మీటింగు మల్లమ్మ గురించే. భర్త పోయాడు, రెండు బర్రెలు మిగిలాయి. సభ్యత్వం లేకపోతే సంఘం ఆమె పాలు తీసుకోదు. భర్త సభ్యత్వం ఆమె పేరుకు మార్చాలని మామ తీర్మానం పెట్టాడు. ఒకాయన లేచి, ఎదిగిన కొడుకుంటేనే మార్చాలని సవరణ తెచ్చాడు. మల్లమ్మకున్నది ఇద్దరు చిన్న ఆడపిల్లలు. సంఘం పద్ధతి ప్రకారం ముందు సవరణ మీద చేతులెత్తించారు. దాదాపు అందరూ వద్దన్నారు. తర్వాత అసలు తీర్మానం మీద ఎత్తించారు. అదే జనం కావాలన్నారు. మల్లమ్మ కళ్లు తుడుచుకుని ఇంటికి వెళ్లింది.

నేనేమో కార్డులో మనిషికి ఒక్క ఓటుకే చోటు పెట్టుకున్నాను. రెండోసారి చేతులెందుకు ఎత్తారో నాకు అర్థం కాలేదు. అడిగితే కంప్యూటరు మనిషి పరువేం కావాలి? మనిషి మొదటి మాటే అసలు మాట అని నాకు నేనే తీర్పు చెప్పుకుని, 'మల్లమ్మ సభ్యత్వం' అన్న శీర్షిక కింద మొదటి ఓట్లే, అంటే వరసగా 'వద్దు'లే, కొట్టేశాను. ఆ రాత్రే ఆఫీసు మిషను అచ్చేసిన వెడల్పాటి కాగితాన్ని పాలు కొలిచే గది గోడకు అంటించి, కాసేపు దాన్నే మురిపెంగా చూసుకున్నాను.

పాలు కొలిచే నర్సింగ్ మీటింగుకు రాలేదు. మర్నాడు పొద్దున్నే కాగితం చూసి, మల్లమ్మ క్యాన్లు పక్కన పెట్టించాడు. ఆమె ఎంత చెప్పినా, మనుషులు మరుస్తరు గాని మిషన్ మరువదన్నాడట. అది నేను నేర్పిన మాటే. దాణా కోసం ఉస్మాన్‌గంజ్ వెళ్లిన మామ, ఆఫీసుకు బయల్దేరిన నేను కబురందుకుని అక్కడికి చేరేసరికి ఎండ ముదిరింది.

మల్లమ్మ లొల్లి పెట్టలేదు. "అన్నా, నువ్వు సుత వద్దన్నవంట. నా ముందటనే చెయ్యెత్తితివి గదా" అంది మామతో.

మామ కాగితం చూశాడు, నన్ను చూశాడు. "ఏందిరా గిది? నేను వద్దన్నది కొడుకుండాలె అన్న మాటను. ఈమెను కాదు."

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికే పాలు విరిగిపోయాయి. వాటిని నన్నే పారబోయమన్నాడు మామ. మల్లమ్మ చూస్తుండగా ఆ క్యాన్లు వంచడం కన్నా కష్టమైన పని నేనింతవరకూ చేయలేదు.

ఆ సాయంత్రమే మళ్లీ మీటింగు. ముందు మల్లమ్మ సభ్యత్వం ఖాయమైందని మామ అందరి ముందూ చెప్పాడు. తర్వాత, నేనిక ఓట్ల జోలికి రాకూడదని తీర్మానం పెట్టాడు. నెలరోజులు మల్లమ్మ క్యాన్లు కూడా నేనే మోయాలని నర్సింగ్ సవరణ తెచ్చాడు. సవరణకు మల్లమ్మ ఒక్కతే వద్దంది.

"వీడు మోస్తె సగం తొవ్వలనే ఒలుకుతయి" అంది.

సవరణ నెగ్గింది. తీర్మానమూ నెగ్గింది. రాయడానికి ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో, ఆ రెండు ఓట్లనూ విడివిడిగా, మల్లమ్మ 'వద్దు'తో సహా, తప్పు లేకుండా నా చేత్తోనే రాసుకున్నాను. ఇకమీదట ఎవరు చెయ్యెత్తినా, దేనికెత్తారో అడగందే కలం ముట్టనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. దీనికి సవరణలు స్వీకరించబడవు.