మేకుకు వేలాడే తాళంచెవి

మా ఊరి దవాఖానా నర్సమ్మ పోయిందని మొన్న ఆదివారం కబురొచ్చేసరికి నేను చెంబెత్తి నీళ్లు తాగుతున్నాను. ఆఖరి గుక్క దాకా తాగాకే ఏడ్చాను. సగంలో ఆపితే ఆమె ఒప్పుకునేది కాదు.

రెండువేల పదకొండులో నేను మేడ్చల్ దారిలో ఒక విత్తనాల షెడ్డులో సంచులు కుట్టేదాన్ని. అక్కడ ఉన్న ఒక్క మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి సూపర్‌వైజర్ సారు జేబులో. ఆయన్ని అడగడానికి సిగ్గుపడి ఆడవాళ్లమంతా పొద్దంతా నీళ్లు మానేసేవాళ్లం. నాకైతే నెలనెలా మూత్రంలో మంట, చలిజ్వరం. ఇంకోసారి నాగా పెడితే పనిలోంచి తీసేస్తానన్నాడు సారు.

నర్సమ్మ మూత్రపరీక్ష చేయించింది, మాత్రలిచ్చింది. మంట తగ్గగానే నేను మానేస్తానని తెలిసి, రోజూ అలియాబాద్‌లో మా గుమ్మం ముందే నిలబడి మింగించేది.

"సగంల ఆపితివనుకో బిడ్డా, రోగం గట్ల బజారుకు వోయి గిట్ల తిరిగొస్తది" అనేది.

అయినా మంట మళ్లీ రానే వచ్చింది. "మందు నేనిస్త, నీళ్లు నువ్వు తాగుతవ్. మరి పోయేటందుకు జాగ ఎవలిస్తరు?" అంటూ ఆమే షెడ్డుకొచ్చింది.

చేతులు కడుక్కుంటానని సారు దగ్గర తాళంచెవి తీసుకుంది. నీళ్లెలా తాగాలో సారే చూపిస్తారని మా అందరి ముందు ఆయన చేత రెండు చెంబులు తాగించింది. ఇక ఉపన్యాసం మొదలు. మూత్రపిండాలతో మొదలెట్టి సల్ల, కొబ్బరినీళ్లు, బోరునీళ్లు దాటి షామీర్‌పేట చెరువు దాకా వెళ్లింది. నీళ్ల పేరెత్తినప్పుడల్లా సారు కుర్చీలో కాలు మార్చుకున్నాడు. గంటయ్యాక లేచాడు.

"సిస్టర్, జర ఆ తాళంచెవి..."

"గింతమందిల అడగనీకి సిగ్గయితలేదా సార్?"

మేం కొంగులు నోట్లో కుక్కుకున్నాం. నవ్వితే పని పోతుంది.

"అయితాంది" అన్నాడు సారు.

"గీళ్లకు గూడ అయితది. ఇగ గిది గోడకే ఉండాలె."

సారు తలూపి, తాళంచెవి అందుకుని పరుగెత్తాడు. తిరిగొచ్చి మేకు తనే కొట్టాడు.

తర్వాత నాకు జ్వరం రాలేదని అబద్ధం చెప్పను. రెండుసార్లు వచ్చింది. పని మాత్రం పోలేదు, మూత్రపిండాలూ పోలేదు. రెండూ ఆమె చలవే.

ఆదివారం ఆమె ఇంటికి సారు కూడా వచ్చాడు. ఎవరో చెంబుతో నీళ్లిచ్చారు. సారు చెంబు పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"బాత్‌రూం ఎటుందమ్మా?" అని నన్నడిగాడు.

చూపించాను. అప్పుడు కళ్లు తుడుచుకుని, చెంబెత్తి చివరి చుక్క దాకా తాగాడు.