అగ్గిపుల్ల లేని పుల్లన్న

పుల్లన్న పేరులోనే పుల్ల ఉంది గాని, బతికినన్నాళ్లూ అతను అగ్గిపుల్ల కొన్నది లేదు. బీడీ మాత్రం ఉండేది. ఎప్పుడు చూసినా కుడిచెవి మీద ఒక బీడీ. దాన్ని ముట్టించుకోవడానికి రోజూ పొద్దున్నే మా పేటలోని తొమ్మిది ఇళ్లూ తిరిగేవాడు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. నా చదువు రెండో తరగతితో ఆగిపోయింది. కల్పించడం మూడో తరగతిలో నేర్పుతారేమో నాకు తెలియదు. కండ్లు మాత్రం దేవుడు మంచివే ఇచ్చాడు.

మాది కోడుమూరు సంతకు నడిచి పోయి పొద్దుగూకేలోపల తిరిగొచ్చేంత దూరంలో ఉన్న ఊరు. పేటలో సగం మంది గుడికి, సగం మంది చర్చికి. పుల్లన్నకు ఆ తేడా లేదు. ఎవరి పొయ్యి అయినా ఒకటే, నా పొయ్యి అయినా సరే.

"వరమ్మా, నిప్పుందా?"

"మీ ఇంట్లో పొయ్యి లేదా పుల్లన్నా?"

"ఉండాది. మా పొయ్యి నిప్పు పుల్లగా ఉంటాదమ్మా. బీడీకి రుచి రాదు."

నిప్పుకు రుచి ఏమిటని నవ్వితే నొచ్చుకునేవాడు. కందికట్టె నిప్పు కమ్మగా ఉంటుందట, తుమ్మకట్టె నిప్పు కారంగా ఉంటుందట. మా పక్కింటి ముసలమ్మ జీవమ్మ పొయ్యిలో చింతమొద్దు నిప్పయితే పండక్కి తినే పాయసమేనట. పొయ్యి ముందర గొంతుక్కూర్చుని, వట్టి వేళ్లతో నిప్పుకణిక తీసి, అరచేతిలో దొర్లించి బీడీ ముట్టించేవాడు. రెండంటే రెండే దమ్ములు. తర్వాత ఒక కీర్తన పాడేంత సేపు దగ్గు. దగ్గు అయ్యాక బీడీ నలిపి చెవి మీద పెట్టుకొని పక్కింటికి. ఒక్క బీడీ తొమ్మిది ఇళ్లకు సరిపోయేది. ఐదు రొట్టెలు ఐదు వేల మంది తిన్నారని మా పాదిరి చెప్పినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు గాని నేను పోలేదు. నేను పుల్లన్న బీడీని చూసినదాన్ని.

శుక్రవారం లక్ష్మీదేవమ్మ ఇంట్లో నిప్పు బయటికివ్వరు. ఆ పూట అయినా ఊరుకుంటాడేమో అనుకుంటే అదీ లేదు.

"ఈ పొద్దు శుక్రారం, నిప్పు ఇయ్యము, పో."

"నువ్వు ఇయ్యొద్దు తల్లీ. నేనే లోపలికొచ్చి, ఈడనే తాగి, ఈడనే ఆర్పి పోతా. నిప్పు గడప దాటితే నన్నడుగు."

అంగడి శేషన్న ఒకసారి జాలిపడి ఉత్తపుణ్యానికి అగ్గిపెట్టె ఇచ్చాడు. పుల్లన్న ఆ పుల్లలన్నీ చెవులు గోక్కోవడానికి వాడాడు. ఒక్కటి గీస్తే ఒట్టు.

పెళ్లాం హులిగెమ్మ ఇంకో రకం. ఆమెకు రెక్క నొప్పి. అదీ అన్ని రోజులూ ఉండదు, అన్ని ఇళ్ల దగ్గరా రాదు. గంపలో జొన్నలు పెట్టుకొని ఎవరో ఒకరి ఇంటికి వచ్చి, "రెక్క నొప్పి వదినా, రోంత ఇసిరి పెట్టు" అనేది. విసురురాయికి అంటుకున్న పిండి రాయి గలవాళ్లదని మా పక్క ఆనవాయితీ. హులిగెమ్మ పిండి ఎత్తుకుంటే సగం రాయి చుట్టూనే మిగిలేది. "ఆ ఇంట్లో మొగుడికి నిప్పు లేదు, పెండ్లానికి రెక్క లేదు. పిండి ఎత్తుకోవడం గూడా చేతగాని ఆడదాన్ని నేను చూడలేదు" అని పేటంతా వినేటట్టు చెప్పినదాన్ని నేనే.

ఇట్లా ఉండగా యుద్ధం వచ్చింది, దాంతోపాటు కరువూ వచ్చింది. రెండేళ్లు వాన లేదు. రెండో ఏడు ఎండాకాలంలో శేషన్న గడ్డివామి కాలిపోయింది. ఎవరి నిప్పో తెలియలేదు గాని, మునసబు ఓబులేసురెడ్డి దప్పు కొట్టించాడు: వానలు పడేదాకా వీధిలో ముట్టించిన బీడీ గాని, చుట్ట గాని కనిపిస్తే జరిమానా. సిగరెట్టు మాట దప్పులో లేదు. పేటకూ ఊరికీ కలిపి సిగరెట్టు తాగేది మునసబు ఒక్కడే. చదువుకున్న నిప్పు కొంపలకు అంటుకోదు కాబోలు.

పుల్లన్నకు ఈ చట్టం చీమ కుట్టినట్టు కూడా లేదు. అతను వీధిలో ఎప్పుడు తాగాడు గనుక?

చిక్కు నాకు వచ్చింది. మా ఆయన పోయి మూడేళ్లు. ఇంట్లో జొన్నలు అడుగంటాయి. నేను ఒకరిని అడగను. మా అమ్మ అడగలేదు, మా అవ్వ అడగలేదు. పొద్దున్నే రెండు పిడకలు ముట్టించి, కుండలో ఎసరు పెట్టి, మూత వేసేదాన్ని. కప్పులోంచి పొగ వస్తే చాలు, లోపల ఏముందో ఊరికెందుకు? అందరినీ ఏమార్చవచ్చు గాని, పొయ్యి ముందరే కూర్చునేవాణ్ని ఎట్లా ఏమార్చేది?

ఒకరోజు బీడీ ముట్టించి, దగ్గడం మాని, కుండకేసి చెవి పెట్టాడు.

"వరమ్మా, నీళ్లు పాడతాండాయి."

"నీళ్లు పాడక రాళ్లు పాడతాయా?"

"జొన్నలు పడితే నీళ్ల గొంతు మారతాది గదమ్మా."

నా ఒళ్లు మండింది. ఆ పొద్దే హులిగెమ్మ రెక్క పట్టుకొని వచ్చింది. విసిరి పెట్టాను. రాయి చుట్టూ మిగిలిన పిండితో సంగటి కెలుక్కొని కడుపునిండా తిన్నాను. తిన్న ఓపికతోనే చావడికి పోయి మునసబు దగ్గర ఫిర్యాదు చేశాను: పుల్లన్న బోదగడ్డి కప్పిన కొట్టాల్లో దూరి బీడీ తాగుతున్నాడు, ఏదో ఒకనాడు పేటంతా తగలబెడతాడు అని.

చావడిలో పంచాయతీ. మునసబు సిగరెట్టు వెలిగించుకొని న్యాయం మొదలుపెట్టాడు.

"ఏమప్పా పుల్లన్నా, పేట బూడిదయ్యేదాకా నీకు నిద్ర పట్టదా?"

"ఈదిలో తాగలేదు రెడ్డీ. ఇండ్లల్లోనే తాగితి."

"ఇంకమీద బీడీ పట్టుకొని ఎవరింటికీ పోగూడదు. ఇదో అగ్గిపెట్టె, ఊరకనే ఇస్తాండా. నీ ఇంట్లో నువ్వు ముట్టిచ్చుకో."

యుద్ధం రోజుల్లో అగ్గిపెట్టె అంటే బంగారం. పుల్లన్న మాత్రం తేలును చూసినట్టు వెనక్కి జరిగాడు.

"గంధకం వాసన నాకు పడదు రెడ్డీ. జరిమానా ఎయ్యి, కడతా. పెట్టె మాత్రం ఒద్దు."

చావడి చావడంతా నవ్వింది. నేనూ నవ్వాను, అందరికంటే ఎక్కువగా.

"పెట్టె తీసుకో, లేకుంటే వానలు పడేదాకా ఊరు ఇడిసిపో" అన్నాడు మునసబు.

పుల్లన్న దాన్ని చచ్చిన ఎలుక తోకలాగా రెండు వేళ్లతో పట్టుకున్నాడు. నా వైపు తిరిగాడు.

"నువ్వన్నా చెప్పు వరమ్మా. పొయ్యి కాడికి రాకుంటే నాకెట్ట తెలుస్తాది?"

"ఏం తెలియాల?"

చెవి మీది బీడీ సర్దుకున్నాడు. "నిప్పు రుచి" అన్నాడు.

మొదటిరోజు ప్రాణానికి హాయిగా ఉంది. నా పిడకలు, నా ఎసరు, నా మూత. రెండో రోజు కడుపు హాయిగా లేదు. మూడో రోజు గాని జీవమ్మ కప్పు మీద పొగ లేదని గమనించలేదు. పోయి చూస్తే ముసలమ్మ గోడవారన పడుకొని ఉంది. పొయ్యిలో బూడిద రాయిలాగా చల్లబడింది.

"ఏం జీవమ్మా, వండుకోలేదా?"

"ఏం పెట్టి వండేది? మూడు దినాలాయ, పుల్లన్న రాల్యా గదమ్మే."

"పుల్లన్నకూ నీ వంటకూ ఏం సంబంధం?"

ముసలమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "వాడొచ్చి చల్లని పొయ్యి చూసి పోతేనే గదా ఆ పొద్దు హులిగెమ్మకు రెక్క నొచ్చేది! నీకు ఇన్నాళ్లూ తెలీదా?"

దేవుడు నాకు మంచి కండ్లు ఇచ్చాడని మొదట్లో చెప్పాను. దాన్ని ఇక్కడ కొట్టేసుకోవచ్చు.

పుల్లన్న ఇంటికి పోయాను. వసారాలో కూర్చున్నాడు. ముందర అగ్గిపెట్టె, చెవి మీద బీడీ. పక్కనే జొన్నల పాతర నోరు తెరిచి ఉంది. మంచి ఏళ్లలో భూమిలో గుంత తీసి దాచిన గింజలు. నిండు పాతర పెట్టుకొని పస్తున్నవాడిలాగా కూర్చున్నాడు.

"బీడీ ముట్టిచ్చుకోలేదా పుల్లన్నా?"

హులిగెమ్మ లోపలినుంచి అందుకుంది. "ఇంట్లో యానాడు తాగినాడు వదినా? వానికి పొగ పడితే గదా! ఆ దగ్గు చూస్తివి గదా. ఉత్త చేతులతో ఇండ్లల్లోకి తొంగిచూస్తే తంతారని బీడీ పెట్టుకున్నాడు."

"నోరు ముయ్యే" అన్నాడు పుల్లన్న, దొంగతనం బయటపడినట్టు.

"జీవమ్మ మూడు దినాలుగా తినలేదు" అన్నాను. హులిగెమ్మ గంప ఎత్తుకొని పరిగెత్తింది, రెక్క నొప్పి మాటే మరిచిపోయి. నేను అగ్గిపెట్టె తీసుకొని వాకిట్లో ఉన్న కుడితితొట్టిలో వేశాను.

"అయ్యో! రెడ్డి ఇచ్చింది గదా!"

"జారిపోయిందప్పా. నాకూ రెక్క నొప్పే."

చావడికి కూడా నేనే పోయాను. మిగతా ఇళ్ల ఆడవాళ్లు నా వెనకాలే వచ్చి బయట నిలబడ్డారు.

"రెడ్డీ, పెట్టె నా చేతులో తడిసిపోయె. పుల్లన్న మా పొయ్యిల కాడికి వస్తాడు."

"ఫిర్యాదు చేసింది నువ్వే గదా?"

"నేనే. ఇప్పుడు ఎనక్కి తీసుకునేదీ నేనే. నా కొట్టం కాలితే నాది." అప్పుడే అతని సిగరెట్టు నుసి పంచె మీద రాలింది. "మీ చావడి కప్పు గూడా బోదే గదా రెడ్డీ?"

మునసబు తల ఎత్తి కప్పు చూశాడు. సిగరెట్టు చూశాడు. మెల్లగా నేలకేసి నలిపాడు. "లోపలనే తాగమను. గడప దాటితే ఊరుకోను" అన్నాడు. ఆ మాట పుల్లన్నకు శుక్రవారాల నుంచి అలవాటే.

మరునాడు పొద్దున్నే వాకిట్లో దగ్గు వినిపించింది.

"వరమ్మా, నిప్పుందా?"

పిడకలు ముట్టించలేదు. ఎసరూ పెట్టలేదు. మా అమ్మ, మా అవ్వ అనని మాట నేను అన్నాను.

"లేదు పుల్లన్నా. పొయ్యి చల్లగా ఉండాది. కావాలంటే చూసిపో."

లోపలికి వచ్చి, పొయ్యి ముందర కూర్చొని, బూడిద వేలితో కెలికాడు. "నీ బూడిద గూడా రుచేలే వరమ్మా" అని, ముట్టించని బీడీ చెవి మీద పెట్టుకొని పోయాడు.

గడియ తిరగకముందే హులిగెమ్మ గంపతో వచ్చింది. ఎప్పుడూ కుడి రెక్క పట్టుకొని వచ్చేది. ఆ పొద్దు తొందరలో ఎడమ రెక్క పట్టుకుంది.

"రెక్క నొప్పి వదినా..."

నా నాలుక దురద మీకు తెలిసిందే. అయినా ఆ ఒక్కసారి మింగాను.

"ఏ రెక్కయితే ఏమిలే, లోపలికి రా" అన్నాను.