గడప దాటే సీను

రచయితగారికి కళ్ళతో చూడనిదే కలం కదలదు. చూపించే పని ఆయన భార్యది. నవలలో కథానాయిక ఏడిస్తే ఈవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఏడవాలి. ఆ పిల్ల మూర్ఛపోతే ఈవిడ చాప మీద పడాలి. ఆయన చుట్టూ తిరిగి చూసి, "చెయ్యి కొంచెం పక్కకి వాల్చు" అని సర్ది, రాసుకునేవాడు. ఆడవాళ్ళ మనసు ఔపోసన పట్టిన మహానుభావుడని సభల్లో ఒకటే చప్పట్లు. అవి వినే తీరిక ఈవిడకేదీ? మూర్ఛలోంచి లేచేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోయేవి.

అలాంటి ఇల్లాలికి ఈ వయసులో ఒక ఉద్యోగం దొరికింది. పక్క ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్. ఉండటానికి గది కూడా ఇస్తారు. సోమవారం చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. ఆవిడకి ప్రాణమంతా దానిమీదే ఉంది. భయపడుతూనే భర్తని అడిగింది.

"స్త్రీ స్వేచ్ఛ మీద నవల నడుస్తుంటే నీకు ఉద్యోగమేమిటే? బుద్ధుందా?" అన్నాడాయన.

ఆదివారం పొద్దున్న ఆఖరి అధ్యాయంలో కలం మొరాయించింది. కథానాయిక మొగుణ్ణి వదిలి వెళ్ళిపోవాలి.

"ఏమే, ఓసారి పెట్టె సర్దు, చూస్తాను."

ఆవిడకి మళ్ళీ అడగకుండానే అనుమతి దొరికినట్టయింది. బట్టలు, కళ్ళజోడు, సర్టిఫికెట్లు, మోకాళ్ళ నొప్పుల మందు పెట్టెలో పెట్టింది.

"ఆ మందెందుకు? కథానాయికకి పాతికేళ్ళు!"

"మోకాళ్ళు నావి కదండీ."

"సర్లే, కానీ. గడప దాటాక ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు. పాఠకులు కళ్ళనీళ్ళు పెట్టుకోవాలి."

ఆవిడ తిరగలేదు. తిరిగితే కాళ్ళు ఆడవని తెలుసు. ఎంతైనా ఇన్నేళ్ళ కాపురం.

"భేష్! ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు నువ్వు!" అని లోపల్నుంచి మెచ్చుకున్నాడు రచయిత. ఆ ఊపులో పేజీలకు పేజీలు గిలికి, కాఫీ తెమ్మని కేకేశాడు. పలికే దిక్కు లేదు.

సాయంత్రం ఫోన్ చేశాడు. ఆవిడ హాస్టల్ గదిలో మంచం మీద దుప్పటి పరుస్తోంది.

"చాల్లే నటన. కథలో ఆవిడ తిరిగొచ్చేస్తుంది. ఆ సీను చూడందే ఎలా రాయను? రా!"

ఆయన గొంతులో బెదురు వినడం ఆవిడకి అదే మొదలు. నిజంగానే జాలేసింది.

"అది మీరే ఊహించుకోండి. రచయితలు కదా!"