పన్నెండు గుండిగల అద్దె

1995. సముద్రం, మంటలు, ఒక వీరవనిత, ఆమె కోరిన వాహనం. మహాకావ్యానికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. కాకపోతే ఆ వాహనం పాత బక్కీ, అంటే వెనక సామాను వేసుకునే చిన్న బండి. మంటలు చెరకు కోతకు ముందు తోటలో పెట్టేవి. యుద్ధం వడ్డీ మీద. కావ్యం కోసం వచ్చినవారు ఇక్కడే దిగిపోవచ్చు.

ఆంధ్ర నుంచి దక్షిణాఫ్రికా వచ్చి, ఉమ్‌కోమాస్‌లో బ్యాంకు కౌంటర్ వెనక నేను గుమాస్తాగా కూర్చున్న తొలి ఏడాది అది. మధ్యాహ్నాలు సగం కలలా గడిచేవి. చెరకు బూడిద నల్లటి ఈకల్లా కిటికీలోంచి తేలివచ్చి పాస్‌బుక్కుల మీద వాలేది. దేశం కొత్తగా పుట్టిందని అందరూ అనేవారు. మా ఫారాలు మాత్రం పాతవే.

అలాంటి ఒక మధ్యాహ్నం గంగమ్మ పెద్దమ్మ వచ్చింది. పెళ్లిళ్లకు, పూజలకు వంట గుండిగలు అద్దెకిస్తుంది. మిల్లులో పనిచేసిన భర్త మిగిల్చి వెళ్లిన పన్నెండు వేల రాండ్లు మా దగ్గర డిపాజిట్‌లో ఉన్నాయి. ఆమెకున్నదంతా అదే. గుండిగలు మోయడానికి బక్కీ కావాలి. దాని ధర పన్నెండు వేలూ బండ్ల వ్యాపారి ఏడాదికి అప్పిస్తానన్నాడట. డిపాజిట్ ఉన్నట్టు మేము కాగితం రాసివ్వాలి.

“ఇక్కడ పన్నెండు పర్సెంట్ వస్తాది, అక్కడ పన్నెండు పోతాది. ఈక్వల్, నో? ఆయన డబ్బు టచ్ చెయ్యను, నాయనా.”

వ్యాపారి కాగితంలో ‘ఫ్లాట్ రేట్’ అని ఉంది. అంటే నెలనెలా ఎంత తీర్చినా, మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ. నెలకు 1,120 రాండ్లు, పన్నెండు వాయిదాలు. ‘యాన్యువల్ పర్సెంటేజ్ రేట్’ అంటే ఇంకా తీరని బాకీ మీద ఏడాదికి నిజంగా పడే వడ్డీ శాతం. దీన్ని పావుగంట వివరించాను. ఆమె ఆవలించింది. నిజానికి నేనూ ఆవలించాను.

“పెద్దమ్మా, నీ దగ్గర పన్నెండు గుండిగలు తీసుకుని ఎవరైనా నెలకొకటి తిరిగిచ్చేస్తే, ఆఖరి నెల ఎన్నింటికి అద్దె అడుగుతావు?”

“ఒకటి ఉంటే ఒకటికే! లేని గుండిగకి అడిగితే నన్ను కొడతారు.”

“ఈ కాగితం పన్నెండింటికీ అడుగుతోంది.”

ఆమె కాగితాన్ని తన వైపు లాక్కుంది. దాని మీద ఒక బూడిద ఈక వాలింది.

“ఓరి దొంగ సచ్చినోడా! నా కాడ లేని గుండిగకా?” కాపలావాడు లేచి నిలబడ్డాడు.

లెక్క వేసి చూపించాను. కాగితంలోని పన్నెండు నిజానికి ఇరవై ఒకటి దాటుతోంది. అప్పు వద్దు, డిపాజిట్ తీసి బండి కొనుక్కో అన్నాను. వెనక మా మేనేజర్ దగ్గాడు. పోయేది ఆయన బ్రాంచి డిపాజిట్ కదా.

“ఆ డబ్బు తీస్తే మా ఆయనకి కోపం వస్తాదా?” అంది మెల్లగా.

“జీతం చీటీ ఎన్నిసార్లు చదివేవాడు?”

“రెండు టైమ్స్. ఒక్కోసారి మూడు.”

“అంత లెక్క చూసుకునేవాడైతే రాదు.”

“తీసెయ్ మరి. ఆ నెలనెలా కట్టేది ఇక్కడే వేస్తా. నా వాయిదా నాకే కడతా.” అదే రేటు దొరికితే ఏడాదికి ఆరేడు వందల రాండ్లు మిగులుతాయి.

శాతం ఎంత అని అడిగే ముందు అది దేని మీద అని అడగాలని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఎండలో గుండిగలు మెరుస్తూ, సముద్రం పక్కన ఆ బక్కీ వెళ్లిపోతున్నట్టే అనిపించింది.

కాకపోతే ఆమెది నోటీస్ డిపాజిట్. డబ్బు తీయాలంటే ముప్పై రెండు రోజుల ముందు చెప్పాలి. ఐడీ బుక్కు కూడా ఉండాలి. ఆమె తేలేదు.