లక్కముద్ర వేసిన కవరు

మా ముత్తాత సూర్యనారాయణరాజుగారు పెనుగొండ పరిసరాల్లో ఏడు ఊళ్లకు జమీందారు. బొంగు చివర్లకు వెండి పొన్నులు తొడిగిన పల్లకి దిగి నడిచింది తక్కువ. ఆయన మునిమనవణ్ణైన నేను కాలేజీ వాలీబాల్ జట్టులో ఆడేవాణ్ణి.

మా కాళ్లకు కట్లు కట్టే ట్రైనరుగారు ప్రతి నెల మొదటి రోజున గ్రౌండు మధ్య నిలబడి, వీధిదాకా వినపడేలా చెప్పేవారు.

"స్నానంలో వృషణాలు తడిమి చూసుకోండి బాబూ. నొప్పి లేని గడ్డ తగిలినా నాకు చెప్పండి. అక్కడొచ్చే కేన్సరు మీ వయసువాళ్లకే ఎక్కువండి."

"మా వంశంలో ఇలాంటివి మాట్లాడరండి," అన్నాను.

"మీ వంశం నిలవాలనేనండి రాజుగారూ."

జట్టంతా పడీపడీ నవ్వింది.

మూడో నెల నాకు బఠాణీ గింజంత గడ్డ తగిలింది. నోటితో చెప్పలేక కాగితం మీద రాసి, కవరుకు ముత్తాతగారి లక్కముద్ర వేసి ట్రైనరుగారి చేతికిచ్చాను. నిలబడే చదివి స్కూటరు తీశారు.

"దస్తూరీ బాగుందండి. ఎక్కండి."

కొవ్వూరు బ్రిడ్జి మీద హారన్ కొడుతూనే ఉన్నారు. రాజమండ్రి డాక్టరు పరీక్షలు చేసి, తొందరగా వచ్చారు కాబట్టి నయమవుతుందన్నాడు.

"రాకేం చేస్తామండి, దివాణం నుంచి ఉత్తర్వు వచ్చింది," అని ట్రైనరుగారు కవరు చూపించారు. నేనూ నవ్వాను.

ఇప్పుడు నాకు ఇద్దరు కూతుళ్లు.

ఆనాటి నా ఆపరేషనుకు పల్లకి వెండి పొన్నులు అమ్మాం.